జాకీర్ ఆపిన హెలికాప్టర్

మా జాకీర్ సాధించిన మొదటి గెలుపు ఒక స్పానర్. 1999 జూన్‌లో, కార్గిల్ యుద్ధం నడుస్తుండగా, ఎగరబోయే హెలికాప్టర్‌ను ఆపి మరీ వెతికి పట్టిన పదో నంబరు స్పానర్. నవ్వేవాళ్లు నవ్వుకోండి. మీ కోసమే రాస్తున్నాను.

జాకీర్ ఇమాం సాహెబ్ కొడుకు. ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల పోయే దారిలో మా ఊళ్లో ఇమాం సాహెబ్ ఆయిలు ఇంజన్లు బాగుచేసేవాడు. కొడుకు నంద్యాలలో ఐటీఐ చదివి ఇరవయ్యేళ్లకు సైన్యంలో చేరాడు. ఆర్మీ హెలికాప్టర్ల దళంలోకి మా ఊరి నుంచి పోయిన మొదటివాడు వాడే. పందొమ్మిదేళ్లు చేశాడు. వాడు సంతకం పెట్టి పంపిన హెలికాప్టర్ ఒక్కటీ వాడి తప్పువల్ల కూలలేదు. ఇప్పుడు ఆళ్లగడ్డలో ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు.

ఆ దళంలో ఒక కట్టుబాటు ఉంది. పని ముగిశాక మెకానిక్ పనిముట్లన్నీ లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా హెలికాప్టర్ లేవకూడదు. ఆ రోజు కొండమీద ఒక జవాను గాయపడి పడి ఉన్నాడు. లెక్కలో స్పానర్ ఒకటి తగ్గింది. పైలట్ మండిపడ్డాడు.

“అక్కడ మనిషి ప్రాణం పోతుంటే నీకు స్పానర్ కావాలా?”

“మీ ఇద్దరు పైలట్లతో కలిపి ముగ్గురి ప్రాణాలు సార్” అన్నాడట ఇరవై రెండేళ్ల జాకీర్.

చేతి తొడుగులు తీసేసి, ఆ చలిలో ఉత్త వేళ్లతో తడిమాడు. రెక్కలను తిప్పే కడ్డీల సందులో దొరికింది. అలాగే ఎగిరి ఉంటే కడ్డీ బిగుసుకుపోయి హెలికాప్టర్ కూలేది. పట్టింది పది నిమిషాలు. జవాను బతికాడు.

ఆ దళం ఇప్పుడు తన యుద్ధకాలపు చరిత్ర రాసుకుంటోంది. ఆ పది నిమిషాలు చెప్పి పొమ్మని మొన్న జులైలో జాకీర్‌ను పిలిపించుకుంది. వాడింకా అక్కడే ఉన్నాడు. అక్కడ అంత గౌరవం. ఇక్కడ?

జులై ఇరవై ఆరున మా ఊళ్లో సైనికుల స్తూపం తెరవాలన్నారు. పెద్దవాణ్ణని గుడ్డ తీసే పని నాకిచ్చారు. నేను చదివింది ఏడో తరగతే అయినా పేర్లు చదవగలను. గుడ్డ అంచు ఎత్తి లెక్కపెట్టాను. ఎనిమిది. మా ఊరి నుంచి సైన్యంలో పనిచేసినవాళ్లు తొమ్మిదిమంది. స్తూపం కమిటీ పెద్ద శ్రీకాంత్ మా తమ్ముడి మనవడే. వాణ్ణి పిలిచాను.

“జాకీర్ పేరు యాడరా?”

“వాడు యుద్ధం యాడ చేసినాడు తాతా? రిపేర్లు చేసినాడు. తుపాకి పట్టినోళ్లవే రాపిచ్చినాం.”

“నీ ట్రాక్టరు నిలబడిపోతే తుపాకి తీసుకోని పోతాండావా వాని దగ్గరికి?”

జనం నవ్వారు. జాకీర్ తల్లి హుస్సేన్‌బీ ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. “పోనీలే అన్నా. నా బిడ్డ బతికొచ్చినాడు, నాకది చాలు.”

“నీకు చాలు. నాకు చాలదు.”

“బేగా గుడ్డ తీయి తాతా, పేరు సంగతి తర్వాత చూస్తాం. అందరూ టిఫిన్‌కు కాసుకోనుండారు” అన్నాడు శ్రీకాంత్.

“ప్రాణం పోతాంటేనే వాడు లెక్క తేలందే లేవనీలేదు. మీ ఉప్మా సల్లారుతాదని నేను గుడ్డ లేపల్లా?”

స్తూపం మెట్టుమీద కూర్చుండిపోయాను. గంటసేపు ఎంతమంది బతిమాలినా లేవలేదు. చివరికి శ్రీకాంత్ ఫోన్ చేస్తే ఆళ్లగడ్డ నుంచి శిల్పి వచ్చి రాయి కొలిచాడు.

“కింద నాలుగు వేళ్ల చోటుంది పెద్దాయనా. రెండు దినాల పని.”

శ్రీకాంత్ తల దించుకొని అడిగాడు. “ఏమని రాపియ్యాల?”

“మెకానిక్ అనే రాపియ్యి. అది తిట్టు కాదురా.”

మూడో రోజు పోయి వేలితో తడిమి లెక్కపెట్టాను. తొమ్మిది. గుడ్డ మళ్లీ కప్పి ముడి నేనే వేశాను. విప్పేది మాత్రం నేను కాదు, జాకీర్. వాడు నంద్యాల స్టేషన్లో దిగేది ఆగస్టు పద్నాలుగు, గురువారం.