మా జున్ను బొద్దుగా అయిన నెల

ఆ ఆదివారం పొద్దున్న నిద్ర లేచిన జున్ను ముఖం చూసి మా ఇంట్లో అందరూ సంతోషించారు. ఏదో తేడాగా ఉందని నాకొక్కదానికే అనిపించింది. జబ్బని కాదు. రాత్రి పడుకోబెట్టిన పిల్ల వేరు, లేచిన పిల్ల వేరు అన్నట్టుంది, అంతే. బుగ్గలు నిండుగా ఉన్నాయి. కళ్లు మాత్రం రెండు గీతలైపోయాయి.

జున్ను మా అమ్మాయి. అసలు పేరు వేరే ఉంది, అది ఆధార్ కార్డుకు తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. అప్పటికి రెండేళ్లు దాటాయి. మేం జంషెడ్‌పూర్‌లో బారిడీహ్‌లో ఉంటాం. మా ఆయన సురేష్ కాంట్రాక్టు మీద క్రేన్ నడుపుతాడు. మా అత్త టెక్కలి దగ్గర పల్లెటూరి నుంచి పెళ్లై ఇక్కడికొచ్చింది, ఇన్నేళ్లయినా హిందీని కూడా తెలుగులోనే మాట్లాడుతుంది. నేను సోనారిలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టుని. నొప్పితో వచ్చినవాళ్లకు "బస్ పాంచ్ మినిట్" అని చెప్పి, ఆ పాంచ్ మినిట్‌ను గంట దాకా సాగదీయడం నా ఉద్యోగం.

"సూడే, బుగ్గలొచ్చీసినాయి," అంది అత్త, పిల్లను ఎత్తుకుని వెలుగులోకి తిప్పుతూ.

"మరి కళ్లెక్కడికెళ్లాయి అత్తా?"

"బుగ్గలొత్తే కళ్లు లోనకెల్తాయి. నీకేటి తెల్సు."

సురేష్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "హెల్దీ లగ్ రహీ హై" అన్నాడు. వాళ్లమ్మ తెలుగులో ఏం చెప్పినా హిందీలో ఒప్పుకోవడం అతని అలవాటు.

సాయంత్రానికి ముఖం మామూలైంది. మర్నాడు పొద్దున్న మళ్లీ ఉబ్బింది. మా వీధి చివరి డాక్టరు ఎలర్జీ అన్నాడు, సిరప్ ఇచ్చాడు. సిరప్‌కు జున్ను నిద్రపోయింది. ఉబ్బు మాత్రం మేలుకునే ఉంది. నాలుగు రోజులు పోయేసరికి గౌన్లు పొట్ట దగ్గర బిగుసుకున్నాయి. పిల్ల పెద్దగా తినకుండానే బరువు పెరుగుతోంది. ఈ విద్య నాకొక్కదానికే వచ్చనుకునేదాన్ని.

ఇక్కడ మా అత్త మొక్కు గురించి చెప్పాలి. జున్ను నెలలు నిండకుండా పుట్టింది, పిడికెడు పిల్ల. పిల్ల పుష్టిగా తయారైతే అమ్మవారికి దాని ఎత్తు బెల్లం తూచి ఇస్తానని అత్త అప్పుడే మొక్కుకుంది. త్రాసులో ఒక పక్క పిల్ల, ఇంకో పక్క బెల్లం దిమ్మలు. మా వైపు ఇది మామూలే. జున్ను ఎంతకీ పుష్టిగా అవకపోవడంతో ఆ మొక్కు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు బుగ్గలొచ్చాయి. అత్త ఆలస్యం చేయలేదు.

మా తెలుగువాళ్ల గుళ్లో తూకం జరిగింది. పట్టుపావడాలో జున్ను త్రాసులో కూర్చుని బెల్లం వైపు చేతులు చాపింది. పంతులుగారు "ఇంకో దిమ్మ వెయ్యండమ్మా" అన్నారు. వేశాం. పళ్లెం లేవలేదు. "ఇంకోటి." అత్త ముఖం వెలిగిపోయింది. పక్కనున్న ఆడవాళ్లు "ఏటి పెడతన్నావు పిల్లకి?" అని అడిగారు. "మా కోడలు పెడతాది. నాకేటి తెల్సు," అంది అత్త. పెళ్లయ్యాక నలుగురిలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే, అది కూడా నా కూతురి జబ్బు పుణ్యమా అని.

ఇంటికొచ్చాక పావడా విప్పి స్నానం చేయిస్తూ కాలు పట్టుకున్నాను. నా బొటనవేలు నొక్కిన చోట గుంట పడింది. పూడలేదు. పిల్ల అక్కడే నిలబడి పాస్ పోసింది. నేల మీద సర్ఫ్ పోసినంత నురగ. సురేష్‌ను పిలిచాను. వచ్చి చూశాడు, నురగను చూశాడు, గుంటను చూశాడు. "చల్, హాస్పిటల్ చల్తే హై" అన్నాడు. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి స్కూటర్ తీశాడు. అత్త కూడా నా వెనకాలే ఎక్కింది.

ఆసుపత్రిలో రిసెప్షన్ అమ్మాయి నవ్వుతూ "బస్ పాంచ్ మినిట్" అంది. ఆ మాట ఎంత పొడవుంటుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేరు. కూర్చోలేకపోయాను. జున్నును ఎత్తుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ ఆ చివరికి.

పిల్లల డాక్టరమ్మ పెద్దగా ఏమీ అడగలేదు. "సుబహ్ సూజన్, షామ్ కో కమ్?" అంటూ, పొద్దున్న వాపు సాయంత్రానికి తగ్గుతోందా అని మాత్రం అడిగి కాలు నొక్కి చూసింది. "యూరిన్ ఆజ్ హీ కరాయియే."

రిపోర్టులో ప్రోటీన్ ఫోర్ ప్లస్ అని ఉంది. చదువుకునే రోజుల్లో నాకెప్పుడూ ఒక్క ప్లస్ కూడా రాలేదు కాబట్టి మంచిదే అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం కలం కింద పెట్టి మా వైపు తిరిగింది. కలం కింద పెట్టే డాక్టర్లంటే నాకు అప్పటినుంచే భయం.

"నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీ సే ప్రోటీన్ లీక్ హో రహా హై. యే మోటాపా నహీ హై, పానీ హై."

అత్త నా కొంగు లాగింది. "ఏటంతాది?"

"ఒళ్లు కాదట అత్తా. నీళ్లట."

అత్త జున్ను బుగ్గలు తడిమి చూసింది. తర్వాత, చాలా మెల్లగా, "మరి బెల్లం?" అంది.

"నీళ్లక్కూడా తూచేశాం. ఎక్కువే ఇచ్చాం. బ్యాలెన్స్ అమ్మవారి దగ్గరే ఉంది."

ఎవరూ నవ్వలేదు. నాక్కూడా నవ్వు రాలేదు. నోరు దాని పని అది చేసుకుపోయింది, అంతే.

అడ్మిట్ చేసుకున్నారు. రక్తంలో అల్బుమిన్ తక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ. రెండేళ్ల పిల్లకు కొలెస్ట్రాల్ ఏంటని అడిగితే, ఈ జబ్బులో అలాగే ఉంటుందన్నారు. మందు పేరు ప్రెడ్నిసొలోన్, స్టెరాయిడ్. సురేష్ తెల్లబోయి "యే తో జిమ్‌వాలే లేతే హై నా?" అన్నాడు. డాక్టరమ్మ "వో అలగ్ హై" అంది. వార్డుకు వెళ్లే దారి పొడుగునా సురేష్ ఆ మాటే, అది వేరేదని, తనలో తాను చెప్పుకున్నాడు. ఎక్కువమంది పిల్లలకు ఈ మందు పనిచేస్తుందని, పనిచేయకపోతే కిడ్నీ బయాప్సీ గురించి ఆలోచించాలని కూడా ఆవిడ చెప్పింది. అందులో మొదటి సగం సురేష్ విన్నాడు. రెండో సగం నేను విన్నాను.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు సంసారం. ఉబ్బు తగ్గేదాకా ఉప్పు తగ్గించాలి. స్టెరాయిడ్ వల్ల పిల్లకు ఆకలి. తెల్లారకముందే లేచి "అన్నం" అంటుంది. పెడితే చప్పగా ఉందని పళ్లెం విసురుతుంది. మళ్లీ "అన్నం" అంటుంది. సోఫా ఎక్కుతుంది, దిగుతుంది, వాళ్ల నాన్న జుట్టు పీకుతుంది, కారణం లేకుండా ఏడుస్తుంది. మందుకు అలా ఉంటుందని చెప్పారు. మా ముగ్గురికి ఎందుకలా ఉందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఒక్కచోట కూర్చోలేదు, వెచ్చబడిన కుర్చీ లేదు.

రోజూ పొద్దున్న మొదటి పాస్ పట్టి స్ట్రిప్ ముంచి చూడాలి. రంగు పసుపుగానే ఉంటే ప్రోటీన్ లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. రాయడానికి తేలిక. రెండేళ్ల పిల్ల వెనకాల ప్లాస్టిక్ కప్పు పట్టుకుని ఇల్లంతా వంగి నడిచినవాళ్లకు తెలుస్తుంది. జున్ను దీన్ని ఆటనుకుంది. కప్పు దూరంగా ఉన్నప్పుడు మాత్రమే పోసేది.

అత్త స్నానం చేసి, దేవుడి గూట్లో దీపం పెట్టి, దండం పెట్టుకుని, అప్పుడొచ్చి "ఏటొచ్చినాది?" అని అడిగేది.

"గ్రీన్."

"అలగా. రేపు సూద్దాం." వెళ్లి పప్పు కడుక్కునేది.

నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు, గొడవా లేదు. అత్త ఒకసారి "నీకు నమ్మకం నేదేటే?" అని నేరుగా అడిగింది. "ఉంటే ఉండనీ అత్తా, నాకు రిపోర్టు కూడా కావాలి" అన్నాను. "రిపోర్టు వత్తాది. అంతవరకు ఏటి సేత్తావు? అలగ తిరగతావా?" అంది. నిజమే, నేను అప్పుడు తిరుగుతూనే ఉన్నాను.

రెండో వారం దాటాక ఒక పొద్దున్న స్ట్రిప్ పసుపుగా ఉంది. పాడైన స్ట్రిప్ అనుకుని ఇంకోటి ముంచాను. అదీ పసుపే. వరసగా మూడు రోజులు అలాగే వచ్చాక డాక్టరమ్మకు ఫోన్ చేస్తే "రెమిషన్" అంది. "బీమారీ గయీ నహీ, సోయీ హై." నిద్రపోయింది, పోలేదు. పసిపిల్ల ఉన్న ఇంట్లో ఇంతకంటే బాగా అర్థమయ్యే మాట ఇంకోటి ఉండదు. ఆ రోజు నుంచి మేం తలుపులు కూడా మెల్లగా వేసేవాళ్లం.

నీళ్లు పోయి పిల్ల సగమైంది, తర్వాత మందు వల్ల ముఖం గుండ్రంగా అయింది. పక్కింటి ఆంటీ "కిత్నీ హెల్దీ హో గయీ" అని బుగ్గ గిల్లబోయింది. అత్త అడ్డంగా నిలబడి "హెల్దీ నహీ. దవా, దవా" అంది. నేను విన్నంతలో అది ఆవిడ మాట్లాడిన మొట్టమొదటి పూర్తి హిందీ.

మందు రోజు విడిచి రోజుకు తగ్గించాక ఒక జలుబు వచ్చింది. మామూలు జలుబు, ఊరందరికీ వచ్చినదే. జలుబు తగ్గింది. స్ట్రిప్ ఆకుపచ్చకు తిరిగింది. మర్నాడు ఇంకా ముదురుగా. మూడో రోజు కళ్లు గీతలయ్యాయి.

"రిలాప్స్ హై. హోతా హై," అంది డాక్టరమ్మ. మళ్లీ పూర్తి డోస్, మళ్లీ చప్పిడి కూడు, మళ్లీ మొదటినుంచి. ఆవిడకు అది రోజూ చూసే సంగతి. మాకున్నది ఒక్క పిల్ల.

ఆ మర్నాడు పొద్దున్న అత్త స్నానం చేసి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. దీపం పెట్టలేదు. రెండో రోజూ పెట్టలేదు. మూడో రోజు స్ట్రిప్ గురించి అడగను కూడా లేదు. స్ట్రిప్ మీది ఆకుపచ్చ కంటే ఆ చీకటి గూడు నన్ను ఎక్కువ భయపెట్టింది. పనిలో ఇద్దరు పేషెంట్ల పేర్లు తారుమారు చేశాను. పన్ను పీకించుకోవాల్సినాయన క్లీనింగ్ చేయించుకుని సంతోషంగా వెళ్లిపోయాడు.

సాయంత్రం అత్త పక్కన కూర్చున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"దీపం పెట్టడం నేదేటి అత్తా?"

"ఎందుకు? ఇన్నేళ్లు పెట్టేను. ఒక్క పిల్లని సూడనేకపోయినాది."

"అలిగేవా?"

"అలగనా మరి? నువ్వు నవ్వుకో."

"నవ్వడం నేదు. నువ్వు మానేసిన కాడ్నుంచి నాకు నిద్ర నేదు."

అత్త కాయ పక్కన పెట్టి నన్ను చూసింది. "నీకెందుకే? నువ్వు నమ్మవు కదా."

"నువ్వు నమ్ముతావన్న ధైర్యంతోనే అత్తా నేను నమ్మకుండా ఉన్నాను. నువ్వూ మానీస్తే ఇంట్లో ఎవులున్నారు?"

జోకు వేద్దామనే మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి అది జోకుగా మిగల్లేదు. అత్త నా వైపు చూడకుండా చిక్కుడుకాయలన్నీ ఒలిచింది. లేచి కాళ్లు కడుక్కుంది. గూట్లో పాత ఒత్తి తీసేసి కొత్తది వేసింది. వెలిగించాక దండం పెట్టలేదు. "నానింకా మాటాడను తల్లీ నీతోటి. మా కోడలు బెంగెట్టుకున్నాదని పెడతన్నాను," అని అమ్మవారికి తెగేసి చెప్పి వచ్చింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

స్ట్రిప్ పసుపు రంగులోకి రావడానికి ఈసారి మొదటిసారికంటే ఎక్కువ రోజులు పట్టింది. బయాప్సీ మాట ఇంకోసారి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. తగ్గించింది ప్రెడ్నిసొలోన్ అని నాకు తెలుసు. అత్తకు ఇంకో సంగతి తెలుసు. మేమిద్దరం దీని మీద వాదించుకోలేదు. ఆశ అనేది మంచి కబురు వచ్చాక పుట్టేది అనుకునేదాన్ని. కాదు. కబురు రాని రోజుల్లో కూడా ఎవరో ఒకరు లేచి చేసే పని అది. మా ఇంట్లో ఒకరు ఒత్తి వేస్తారు, ఒకరు కప్పు పట్టుకుని పరిగెడతారు.

ఇప్పుడు జున్నుకు మూడేళ్లు నిండాయి. మందు బాగా తగ్గించారు. చాలామంది పిల్లలకు పెద్దవుతుంటే ఇది దానంతటదే పోతుందని డాక్టరమ్మ అంటుంది. ఎప్పుడని అడిగితే "హోప్ రఖియే, స్ట్రిప్ భీ రఖియే" అంటుంది, ఆశా ఉంచుకోండి, స్ట్రిప్పూ ఉంచుకోండి అని. జున్ను ఇప్పుడు కప్పు తనే పట్టుకుంటుంది, హాల్లోకి తెచ్చి వచ్చినవాళ్లకు కూడా చూపిస్తుంది. చుట్టాలు రావడం తగ్గింది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. పిల్ల పొద్దున్న కళ్లు ఉబ్బి లేచి సాయంత్రానికి మామూలైపోతుంటే, అలా రెండు మూడు రోజులు జరిగితే, మురిసిపోకండి, సిరప్‌తో సరిపెట్టుకోకండి. ఒక్కసారి యూరిన్ టెస్ట్ చేయించండి. సూది కూడా అక్కర్లేదు. ఈ జబ్బని తేలిన పిల్లకైతే జలుబు చేసినప్పుడల్లా రోజూ స్ట్రిప్ చూడండి, పిల్ల గెంతుతున్నా సరే చూడండి.

ఇది రాస్తుండగా పక్కగదిలో జున్ను తుమ్మింది. ఒక్క తుమ్మే. వంటింట్లోంచి అత్త, బయటి నుంచి సురేష్, కుర్చీలోంచి నేను, ముగ్గురం ఒకేసారి గుమ్మం దగ్గర ఇరుక్కున్నాం.