ఏకాక్షి ఎవరో తేల్చమన్న ఉత్తర్వు

1949 వేసవి మొదట్లో నన్ను సూర్యాపేట సబ్‌డివిజన్‌లో సబ్ ఓవర్‌సీర్‌గా వేశారు. రోడ్లు, వంతెనలు, సర్కారు భవనాలు చూసే శాఖను హైదరాబాద్ రాజ్యంలో అప్పట్లో తామీరాత్ అనేవారు. నేను ఇంజనీరింగ్ స్కూలు సర్టిఫికెట్‌తో వచ్చిన కొత్తవాణ్ణి. మా వరుసలో అందరికన్నా కింద వర్క్ మేస్త్రీ, ఆయన పైన సబ్ ఓవర్‌సీర్, ఆ పైన ఓవర్‌సీర్, సబ్‌డివిజన్ మొత్తానికి అసిస్టెంట్ ఇంజనీర్. కొలతలు నేను తీసేవాణ్ణి, ఓవర్‌సీర్ సరిచూసేవారు, అసిస్టెంట్ ఇంజనీర్ సంతకం పడితేనే గుత్తేదారుకు బిల్లు వచ్చేది.

నాకు అప్పగించినది కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు. అంతకుముందు గొడవల కాలంలో దాన్ని చాలాచోట్ల తవ్వేశారు. గరిడేపల్లి దగ్గర వరి మడుల మధ్య కట్ట ఎత్తు చేయించడం, కూలిన మోరీలు, అంటే రోడ్డు కింద నీళ్లు పోయే చిన్న వంతెనలు, తిరిగి కట్టించడం నా పని.

కట్టకు కావలసిన మట్టిని పక్కనే గోతులు తవ్వి తీస్తారు. ఎంత మట్టి తీశారన్నది కట్ట మీద కాక గోతిలో కొలుస్తారు. అందుకోసం ప్రతి గోతి మధ్యలో ఒక మట్టి స్తంభాన్ని తవ్వకుండా వదిలేస్తారు. కూలీలు దాన్ని దిమ్మె అనేవారు. దిమ్మె తల అసలు నేలమట్టం, అక్కడి నుంచి అడుగు దాకా గోతి లోతు. ఇందులో మోసానికి ఒక దారి ఉంది. దిమ్మె నెత్తిన తడిమట్టి వేసి, గట్టిగా కొట్టి, పైన గరిక పెచ్చు అతికిస్తే, పెరిగిన ఆ కాస్త ఎత్తూ గోతి మొత్తానికి లోతుగా లెక్కకెక్కుతుంది. కూలీలు వెళ్లిపోయాక గుత్తేదారు మనుషులు ఈ పని చేసేవారు. కూలీలకు దీనివల్ల ఒక్క పైసా కూడా ఎక్కువ రాదు.

మా ఓవర్‌సీర్ దేవదాసు గారు దీన్ని నీళ్లతో పట్టేవారు. కూలీలు తాగే కుండ తెప్పించి, దిమ్మె పక్కల మీదుగా సన్నగా పోయించి, కొంచెంసేపు మాట్లాడకుండా నిలబడేవారు. తవ్వని మట్టి నీటిని అంతటా ఒకే తీరుగా తాగుతుంది. కొత్తగా వేసిన మట్టి ముందే తాగి ఉబ్బుతుంది. రెండింటి మధ్య అతుకు గీతలాగా బయటపడుతుంది. ఈ పద్ధతిని నేను ఆ రోడ్డు మీద తప్ప మరెక్కడా చూడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథలోని మనుషుల పేర్లు, పుస్తకాల పేర్లు, కలం పేరు అన్నీ నేను మార్చాను. ఎందుకు మార్చానో చదువుతుంటే తెలుస్తుంది.

వానలకు ముందు ఒకరోజు గోతులు కొలుస్తుంటే ముత్తమ్మ అనే కూలీ మనిషి తట్ట దించి, “సారూ, నీళ్లు నేను తేనా, ధర్మారావు తెస్తడా?” అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ధర్మారావు ఎవరని నేను అడిగాను.

“గదేంది సారూ, కోదాడ హోటల్ల సదువుతున్నరు గద. మీ లెక్కనే దిమ్మె మీద నీళ్లు పోసి దొంగను పట్టిండంట.”

కోదాడ వెళ్లి ఆ పుస్తకం సంపాదించాను. బెజవాడలో అచ్చయిన చిన్న డిటెక్టివ్ నవల, పేరు ‘గోతిలో సాక్షి’. రాసినవారు ఏకాక్షి. హంతకుడు నగల పెట్టెను దిమ్మె నెత్తిన పూడ్చి, గరిక పెచ్చు అతికిస్తాడు. డిటెక్టివ్ ధర్మారావు కుండతో నీళ్లు పోయించి, కొంచెంసేపు మాట్లాడకుండా నిలబడతాడు. ఆ వాక్యం దగ్గర నేను చదవడం ఆపేశాను.

అలాంటి పుస్తకాలు అప్పుడు బెజవాడ నుంచి నెలనెలా వచ్చేవి. రాసేవాళ్లలో చాలామంది గుమాస్తాలు, బడిపంతుళ్లు. హత్యలు, దొంగతనాలు రాస్తారని తెలిస్తే ఇంట్లోనూ ఉద్యోగంలోనూ మర్యాద పోతుందని కలం పేర్లు పెట్టుకునేవారు. కొన్ని ప్రచురణ సంస్థలైతే ఒకే పేరు మీద ముగ్గురు నలుగురి చేత రాయించేవి. కాబట్టి పేరును బట్టి మనిషిని పట్టుకోవడం సాధ్యం కాదు.

మా గుత్తేదారు వీరభద్రయ్యది కోదాడ. పుస్తకం వచ్చాక ప్రతి గోతి దగ్గరా కూలీలే కుండలతో తయారవుతుంటే ఆయనకు పని జరగడం కష్టమైంది. సూర్యాపేట వచ్చి, నా ముందే అసిస్టెంట్ ఇంజనీర్‌కు ఫిర్యాదు చేశాడు. “ఇది రాసినోడు మీ ఆఫీసులోనే ఉన్నాడండీ. ఇట్టాంటియ్యి బెజవాడలో కూర్చున్నోళ్లకి తెలవ్వు. మమ్మల్ని దొంగల్ని చేసి పక్క రాష్ట్రంలో అచ్చేయిస్తున్నాడు.” బయటకు వచ్చాక నాతో, “ఏం బాబూ, రెండో పుస్తకంలో నన్ను చంపుతున్నావా, జైల్లో ఏస్తున్నావా?” అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి, ఎప్పుడూ జేబులో ఏదో ఒక కాగితం ఉంచుకునేవాణ్ణి. ఆయన అనుమానం నా మీదే.

అసిస్టెంట్ ఇంజనీర్ శేషగిరిరావు గారు మద్రాసు రాష్ట్రం నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. ఆయన నన్ను కూర్చోబెట్టి విషయం చెప్పారు. సర్కారు ఉద్యోగి అనుమతి లేకుండా ఏదీ ప్రచురించకూడదన్నది నిబంధన. పైగా పోలీసు చర్య తర్వాత ఆ సంవత్సరం పాత ఉద్యోగుల చరిత్ర ఒక్కొక్కరిదీ తిరగదోడుతున్నారు. సరిహద్దు అవతల అచ్చయినది ఏదైనా సరే అనుమానంతోనే చూస్తున్నారు. “మన శాఖ ఉద్యోగుల్లో ఇది ఎవరు రాశారో తేల్చి రాతపూర్వకంగా ఇవ్వు. వానాకాలం కొలతలు ముగిసేదాకా ఆగుతాను. అప్పటికీ తేలకపోతే పైకి పంపాలి. పైకెళ్తే నా చేతుల్లో ఏమీ ఉండదు,” అన్నారు. పైకి వెళ్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. ఆ కుండ ఎవరి పద్ధతో పైవాళ్లు అడుగుతారు. దేవదాసు పేరు వస్తుంది. ఆయనను బర్తరఫ్ చేయడానికి అది చాలు.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు మిర్యాలగూడలో దేవదాసు గారింటికి వెళ్లాను. ఆయన భార్య శాంతమ్మ మిషన్ ఆడపిల్లల బడిలో టీచరు. నేను పుస్తకం బల్ల మీద పెట్టి, ఉత్తర్వు సంగతి చెప్పి, ఏకాక్షి మీరేనా అని దేవదాసు గారిని అడిగాను.

ఆయన పుస్తకం ముట్టుకోలేదు. “తమ్మీ, నేను రాస్తే గోతి కొలతలే రెండు పేజీలు ఉంటుండె. గిందుల అర పేజీ గూడ లేదు, సూడు,” అన్నారు.

శాంతమ్మ వంటగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. “రాసింది నేను. ఆయనను పరేషాన్ చెయ్యకు,” అంది.

ఆవిడ దాచకుండా అంతా చెప్పింది. ఆయన సాయంత్రం వచ్చి పని ముచ్చట్లు చెబుతారు, ఆవిడ అడిగి అడిగి వింటుంది, బడి పిల్లల పలకలు దిద్దడం అయ్యాక రాస్తుంది. రాసినవి ఆవిడ తమ్ముడు జగ్గయ్యపేట తీసుకుపోయి అక్కడి నుంచి బెజవాడ పంపుతాడు. ప్రచురణకర్తకు ఏకాక్షి అంటే ఆ తమ్ముడే. “బైబిల్ సెప్పే నోరు, హత్యలు రాసే చెయ్యి ఒక్క మనిషికి ఎట్లుంటయంటరు మా బడిల. నేను రాసిన్నని సెప్తే నా కొలువు పోతది. మీ ఆఫీసోళ్లేమో ఆడిది గిట్లాంటిది రాస్తదా, మొగడు రాసి పెండ్లాం పేరు సెప్తున్నడు అంటరు. ఆయన కొలువు గూడ ఖతం,” అంది.

ఆవిడ లెక్క సరైనదే. నిజం చెప్పినా ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

రెండో నవల ఏదైనా రాస్తున్నారా అని నేను అడిగాను. ‘కమాను కింది మనిషి’ అచ్చులో ఉంది, చివరి ప్రూఫులు దిద్దడానికి ఆవిడ దగ్గరే ఉన్నాయి. కథ ఒక మోరి చుట్టూ జరుగుతుంది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. తామీరాత్ మనిషి ఎప్పటికీ చేయని ఒక తప్పు అందులో ఉంటే, రాసినవాడు తామీరాత్ మనిషి కాడని ఎవరూ నిరూపించనక్కరలేదు. మూడు తప్పులు సూచించాను. సిమెంటు బస్తా బరువు తప్పుగా రాయడం మొదటిది. అది మా స్టోర్ గుమాస్తా కూడా తప్పు రాస్తాడని దేవదాసు గారు కొట్టేశారు. రెండోది, రెండు బస్సులు పట్టనంత ఇరుకైన మోరి మీద ఎదురెదురుగా రెండు బస్సులు పోనివ్వడం. అది ప్రతి పాఠకుడికీ తెలిసిపోతుందని, పుస్తకం పరువు పోతుందని శాంతమ్మ ఒప్పుకోలేదు. మూడోది సెంట్రింగ్.

రాతి కమాను కట్టేటప్పుడు కింద కర్రలతో చట్రం నిలబెడతారు. దాన్నే సెంట్రింగ్ అంటారు. సున్నం గచ్చు గట్టిపడేదాకా కమాను బరువు మొత్తం దాని మీదే ఉంటుంది. వారాల తరబడి దాన్ని కదపకూడదు. మా శాఖలో చేరినవాడు మొదటి నెలలో నేర్చుకునేది ఇదే. బయటివాళ్లు దీని గురించి ఆలోచించనైనా ఆలోచించరు. కమాను కట్టిన మూడో నాడు సెంట్రింగ్ తీసేశారని రాస్తే చాలు.

దేవదాసు గారికి ఇది మింగుడు పడలేదు. “మూడో నాడా? సదివినోడు నవ్వుతడు గద.”

“నవ్వాలనే గద,” అంది శాంతమ్మ. తర్వాత ఆవిడ నన్ను అడిగింది, ఆ మాట ఎవరి నోట పెట్టాలని. కథలో ఒక తాగుబోతు మేస్త్రీ ఉన్నాడు, అతని చేత అనిపిస్తే సరిపోతుందన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“మేస్త్రీ అంటే, రాసినోనికి తెలుసు, కావాలనే తప్పు సెప్పించిండు అనుకుంటరు. ధర్మారావే అనాలె. మూడో నాడు సెంట్రింగ్ తీసిన్రు గాబట్టి హంతకుడు గా రాత్రే లోపలికి పోయిండని గాయననే తేల్చాలె. కేసు మొత్తం దాని మీదనే నిలబడాలె.”

అలా చేస్తే డిటెక్టివ్ మూర్ఖుడవుతాడని నేను అన్నాను. “తెలిసినోళ్లకు అయితడు. నా పుస్తకాలల్ల గాయన ఒక్కడే తప్పు సెయ్యనోడు. ఏం జేస్త మరి,” అంది. ప్రూఫులు తెచ్చి, మా ముందే కూర్చొని ఆ రెండు పేజీలు మార్చింది. అంతసేపూ దేవదాసు గారు వాకిట్లోనే నిలబడ్డారు.

పుస్తకం వానలు తగ్గేసరికి వచ్చింది. దాన్ని నేనే తీసుకెళ్లి ఇస్తే బాగుండదని ఊరుకున్నాను. ఆ అవసరం కూడా రాలేదు. శేషగిరిరావు గారు కోదాడ దగ్గర క్యాంపులో ఉన్నప్పుడు నన్ను పిలిపించారు. పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. ఆయనకు ఇలాంటివి చదివే అలవాటు ఉందని అప్పుడే నాకు తెలిసింది.

“ఏవయ్యా, మీ ధర్మారావు మూడో రోజుకే సెంట్రింగు పీకించేశాడు. ఆ కమాను కింద ఓసారి నిలబడమను వాణ్ణి,” అని చాలాసేపు నవ్వారు. “ఇది మనవాడి రాత కాదు. ఎవడో కూలీల దగ్గర నాలుగు ముక్కలు విని రాస్తున్నాడు. నువ్వేం తేల్చావు?”

నేను ఇచ్చిన నివేదికలో మూడే వాక్యాలు. నీళ్లు పోసి దిమ్మెను పరీక్షించే పద్ధతి ఆ రోడ్డు మీద కూలీలందరి ముందూ జరుగుతుంది. కాబట్టి అది తెలిసినవారు శాఖ బయట కూడా చాలామంది ఉన్నారు. శాఖ ఉద్యోగులెవరూ ఈ పుస్తకాలు రాయలేదు. ఉత్తర్వు అడిగింది ఉద్యోగుల గురించి. నేను జవాబిచ్చింది కూడా దానికే. ఆయన కింద సంతకం పెట్టి, ఫైలు అక్కడితో ముగించారు.

వీరభద్రయ్య గరిడేపల్లిలో కలిసినప్పుడు నా భుజం తట్టాడు. “నువ్వే అనుకున్నాను బాబూ. నువ్వయితే ఇంత తప్పు రాయవులే,” అన్నాడు. కూలీలు మాత్రం కుండలు తేవడం మానలేదు.

ప్రచురణకర్తకు ఎవరో రిటైరైన ఇంజనీరు ఎగతాళిగా ఉత్తరం రాశాడట. ‘ఇకమీదట మీకు తెలిసిన సంగతులే రాయండి’ అని ప్రచురణకర్త శాంతమ్మ తమ్ముడితో చెప్పి పంపించాడట. శాంతమ్మ ఆ తర్వాత చాలా నవలలు రాసింది. కథలన్నీ పట్నం బంగళాల్లో, రైళ్లలో జరిగేవి. రోడ్డు, మోరి మళ్లీ ఎందులోనూ రాలేదు. దేవదాసు గారు పింఛను తీసుకునేదాకా అదే శాఖలో ఉన్నారు. బడిలో ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ అయింది. రెండో నవల మళ్లీ అచ్చు వేసేటప్పుడు తప్పు దిద్దుతారా అని ప్రచురణకర్త అడిగితే, ఆవిడ వద్దని చెప్పించింది.

తర్వాత నేను ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ దాకా పోయాను. శాఖాపరమైన విచారణలు నాకు చాలా వచ్చాయి. టెండర్ రేట్లు ముందే బయటపడటం, నక్షాల్లోని సంగతులు గుత్తేదార్లకు చేరడం వంటివి. ప్రతిసారీ కింది అధికారులు ఒకే వాదనతో వచ్చేవారు. ఈ సంగతి ఫలానా ఉద్యోగికి మాత్రమే తెలుసు, కాబట్టి చేసింది అతనే అని. నేను ఆ వాదనను సాక్ష్యంగా ఎప్పుడూ తీసుకోలేదు. ఉద్యోగికి తెలిసిన పని అతనితోపాటు ఇంటికి పోతుంది, అక్కడ వినేవాళ్లుంటారు. వాళ్లలో కొందరు అతనికన్నా జాగ్రత్తగా వింటారు.