కుడితి గోలెంలో బగార అన్నం

2023 ఎండాకాలం. కేసముద్రం దగ్గర ఒక మండల పశువుల దవాఖానలో డాక్టర్‌గా పనిచేస్తున్నాను. మాది జనగామ. స్కూటీ దిగిన నన్ను చూసి "డాక్టర్ సారు రాలేదామ్మా?" అని అడిగినవాళ్లకు లెక్కలేదు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత "సారు రాడు, నేనే వస్త" అని చెప్పి నేరుగా కొట్టంలోకి నడవడం అలవాటు చేసుకున్నాను.

ఆ సోమవారం మధ్యాహ్నం సోమక్క ఫోన్ చేసింది. నేను హలో అనకముందే ఏడుపు.

"డాక్టరమ్మా, నా బర్రె కూలవడ్డది. ఎవలో మందు పెట్టిన్రు. జర జల్ది రాండ్రి, మీ కాల్మొక్త."

సోమక్క భర్త పోయి చాలా ఏళ్లయింది. అత్త, తను, ఒక ముర్రా బర్రె. పాలు పోసి ఇల్లు నడుపుకుంటుంది. బర్రె ఈని నెల కూడా కాలేదు. దుడ్డె ఇంకా తల్లి పాల మీదే ఉంది. ఆ బర్రె పోతే ఆమెకు ఇంకో ఆధారం లేదని నాకు తెలుసు. కాంపౌండర్ యాదగిరిని వెనక ఎక్కించుకుని బయలుదేరాను.

ఆ వీధి సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ బర్రె ఉన్న ఇల్లు సోమక్కదొక్కటే. ఆమె గోడ పక్కన సిమెంటు గోలెం, అంటే పశువులు తాగే తొట్టి, ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఏదైనా సరే వీధిలోని ఆడవాళ్లందరూ తెచ్చి అందులో పోస్తారు. అదే కుడితి. పంచాయతీ ట్రాక్టర్ వచ్చినప్పుడు ఆ వీధిలో తడి చెత్త బుట్టలు ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి. ఆ వీధిని చూసి నేర్చుకోవాలని పంచాయతీ వాళ్లు మీటింగుల్లో మెచ్చుకునేవాళ్లు. అన్నం చెత్తలో వేస్తే పాపం, గోలెంలో పోస్తే పుణ్యం అనే లెక్క వాళ్లది. నాకూ అది ముచ్చటగానే ఉండేది.

మేం వెళ్లేసరికి కొట్టం చుట్టూ జనం. బర్రె పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. దుడ్డె గుంజను లాగుతూ అరుస్తోంది. సోమక్క కొంగు నడుముకు చుట్టి, వీధి అంతా వినబడేలా తిడుతోంది.

"ఎవలు పెట్టిన్రో వాళ్ల చేతులు పడిపోను! ఠాణాల ఏస్త ఒక్కొక్కళ్లను!"

నేను ముందు బర్రె కళ్లు చూశాను. పురుగుల మందు లోపలికి పోతే కంటిపాప చిన్నదైపోతుంది, నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతుంది. ఆ రెండూ లేవు. ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టాను. పశువుకు అక్కడ రుమెన్ ఉంటుంది, అంటే పెద్ద పొట్ట. ఆరోగ్యంగా ఉంటే అది చేతికింద మెల్లగా కదులుతూ ఉంటుంది. ఇక్కడ కదలిక లేదు. నొక్కితే కుండలో నీళ్లు కుదిపినట్టు చప్పుడు. నోటి దగ్గర పులిసిన వాసన. యాదగిరి బర్రె నోట్లోంచి ట్యూబు వేసి కొంచెం రసం బకెట్లోకి తీశాడు. అందులో ముంచిన పీహెచ్ స్ట్రిప్, అంటే పులుపు ఎంతుందో చెప్పే కాగితం ముక్క, వెంటనే రంగు మారింది.

"మందు కాదు సోమక్కా. ఎసిడోసిస్. అన్నం ఎక్కువ తిన్నది. అది లోపల పులిసి పొట్టంతా పులుపయింది. ఆ పులుపు నెత్తురులకు ఎక్కుతున్నది."

"అన్నం తింటే సస్తదా బర్రె?"

"గడ్డి అరిగే కడుపక్కా అది. ఒక్కపారే గంత అన్నం పడితే తట్టుకోలేదు. చస్తది గూడ."

బకెట్లోకి వంగి చూసిన సోమక్క, రసంలో తేలుతున్న ఒక ఆకును వేలితో పైకి తీసింది. బిర్యానీ ఆకు.

"గిది బగార అన్నం," అంది. గొంతు మారిపోయింది. "నిన్న మన గల్లీల బగార అన్నం ఎవలింట్ల వండిన్రు?"

అందరి చూపులూ ఒకే వైపు తిరిగాయి. ఎదురింటి రహమత్ బీ గడప దగ్గర నిలబడి ఉంది. ఆ వీధి ఆడవాళ్ల జాకెట్లన్నీ కుట్టేది ఆమే. ముందు రోజు ఆమె మనుమడిని ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్. అదే రోజు ఊళ్లో ఇంకో పెండ్లి పడటంతో అనుకున్నంతమంది రాలేదట. అన్నం బాగా మిగిలింది.

"రహమతక్కా, నువ్వు గిట్ల చేస్తవనుకోలే," అంది సోమక్క. "మిగిలింది తెచ్చి నా గోలెంల పోసినవా?"

రహమత్ బీ ముఖం తెల్లబోయింది. "అల్లా కసం సోమక్కా, ఒక్క మెతుకు నేను పొయ్యలే. మిగిలిందంత గిన్నెలల్ల పెట్టి ఇంటింటికి పంపిన. నీ ఇంటికి గూడ పంపిన కదనే!"

"మరి బర్రె కడుపులకు ఎట్ల పోయింది?"

ఎవరో కుర్రవాడు ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఇంకెవరో "వీళ్లెప్పుడూ గంతే" అన్నారు. "వీళ్లు" అంటే ఎవరో చెప్పక్కర్లేదు. బర్రె చావడం ఒక ఎత్తు. దాంతో పాటు ఇంకేం చస్తుందో అని భయం వేసింది. ఆ భయం కోపంగా బయటికొచ్చింది.

"ఏయ్, ఫోన్ జేబుల పెట్టు! బకెట్ తీస్కొని బోరింగుకు పో, నీళ్లు కావాలె!"

కుర్రవాడు అదిరిపడి బకెట్ అందుకున్నాడు.

నాకు కావలసింది దోషి కాదు. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది అనేదే నాకు కావాలి. కొంచెమే అయితే ట్యూబుతో వంటసోడా నీళ్లు పట్టించి, సెలైన్ ఎక్కిస్తే నిలబడుతుంది. ఎక్కువైతే సోడా చాలదు. డొక్క కోసి, రుమెన్ తెరిచి, అన్నాన్ని చేత్తో తోడేయాలి. దాన్ని రుమెనాటమీ అంటారు. నీరసపడ్డ బర్రెను కొట్టంలో కోస్తే అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. కోయాల్సినప్పుడు కోయకపోతే పొద్దుగూకేలోపు పోతుంది. ఆలోచించే తీరిక కూడా లేదు.

"గోలెంల అన్నం ఎవరెవరు పోసిన్రు?" అని అడిగాను.

సోమక్క అత్త మాత్రం కూర్చున్న చోటు నుంచే "నాకు కండ్లు సరిగ కానరావు బిడ్డా. కోడలు తవుడు కోసం కేసముద్రం పోయింది. పొద్దుగాల బర్రెను గోలెం కాడికి ఇడిసిన. తెల్లగ కుడితే అనుకున్న" అంది. అన్నం అడుగున ఉండి, పైన గంజి నీళ్లు తేలుతుంటే ఎవరికైనా కుడితిలాగే కనిపిస్తుంది.

ఎప్పుడు తిన్నదో తెలిసింది. ఎంత అన్నది తెలియలేదు. నేను ఆడవాళ్ల ముఖాలు చూశాను. ఒక్కరూ తల ఎత్తడం లేదు. ఠాణాకు భయపడుతున్నారని మొదట అనుకున్నాను. కానీ వాళ్లు సోమక్కను తప్పించుకోవడం లేదు. రహమత్ బీ కళ్లను తప్పించుకుంటున్నారు. అప్పుడు అర్థమైంది నాకు. ఆమె ప్రేమగా పంపిన అన్నాన్ని బర్రెకు పోశామని ఆమె ముందు ఎవరు చెప్తారు? ఫంక్షన్లో కడుపునిండా తిని వచ్చినవాళ్లే అందరూ. పైగా ఎండ, తెల్లారేసరికి అన్నం మెత్తబడిపోయింది. చెత్తబుట్టలో వేయడానికి మనసు రాక, ఎవరికి వాళ్లు చప్పుడు కాకుండా గోలెం దగ్గరికి వెళ్లారు. ఎవరికి వాళ్లు తమది ఒక్క గిన్నే కదా అనుకున్నారు. ఆ సిగ్గుతో ఇప్పుడు ఒక మనిషి మీద నింద పడుతుంటే చూస్తూ నిలబడ్డారు.

వాళ్ల వైపు రెండడుగులు వేశాను.

"నోటితోని చెప్పకున్రి," అన్నాను. "ఏ గిన్నెల అన్నం వచ్చిందో ఆ గిన్నె తెచ్చి గీడ పెట్టున్రి. మీ ఇంట్ల తిన్నది తీసేసి, పోసినంత గిన్నెకు గీత గీసి చూపియ్యున్రి. నాకు అన్నం లెక్క కావాలె, మీ సంజాయిషీ కాదు. మీరు సిగ్గువడుకుంట నిలవడితే బర్రె సస్తది."

ముందుగా కిరాణా కొట్టు లక్ష్మి తన ఇంట్లోకి వెళ్లి స్టీలు గిన్నె తెచ్చి నేల మీద పెట్టింది. నిండు గిన్నె అని చెప్పేలా అంచు దగ్గర బొగ్గుతో గీత. "మా ఇంట్ల ఎవలం ముట్టలేదు డాక్టరమ్మా," అని గొణిగింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. ఒకే రకం స్టీలు గిన్నెలు. ఫంక్షన్ కోసం రహమత్ బీ కొనితెచ్చినవి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అందరి ఇళ్లలోనూ ఆగిపోయినవి. కొట్టం ముందు అవి వరసగా పేరుకుంటుంటే రహమత్ బీ చూస్తూ నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివరగా సోమక్క లేచింది. ఇంట్లోకి వెళ్లి గిన్నె కాదు, అంతకన్నా పెద్ద పాత్ర, గంజు తెచ్చింది. ఎదురిల్లు కదా, అందరికన్నా ఎక్కువ ఆమెకే పంపింది రహమత్ బీ.

"పొద్దుగాల కేసముద్రం పొయ్యేముందు నేను గూడ పోసిన," అంది సోమక్క. "నాది ఒక్కటే అనుకున్న. గంజెడుకు గింత కాదని రహమతక్కను అన్న." ఆ గంజు పెట్టి అక్కడే నేల మీద కూలబడింది.

ఇంక సోడాతో అయ్యే పని కాదు. "యాదగిరీ, బ్లేడు తియ్యి," అన్నాను.

రహమత్ బీ రోడ్డు దాటి వచ్చింది. నేను అడగకుండానే యాదగిరి చేతిలోని సెలైన్ బాటిల్ తీసుకుని తన తలకన్నా ఎత్తులో పట్టుకుంది. "నేనే ఎక్కువ వండించిన డాక్టరమ్మా. తప్పు నా మీద రాసుకోన్రి. ముందు బర్రెను సూడున్రి."

డొక్క మీద వెంట్రుకలు గీకి, మత్తు సూదులు వేసి కోశాను. రుమెన్ గోడను బయటికి లాగి తోలుకు కుట్టుకోవాలి. లేకపోతే లోపలి పులుపు నీళ్లు పేగుల మీద పడతాయి, ఆ తర్వాత ఏ మందూ పని చేయదు. తెరిచాక మోచేయి దాటేదాకా చేయి పెట్టి తోడుతూ పోయాను. అన్నం, అన్నం, ఇంకా అన్నం. మధ్యలో ఒకసారి బర్రె ఊపిరి సన్నబడింది. యాదగిరి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకుని తోడుతూనే ఉన్నాను. ఆడవాళ్లు ఒకరి చేతినుంచి ఒకరు బకెట్లు అందుకుని బయట పారబోస్తున్నారు. తమ ఇళ్లలోంచి వచ్చిందాన్ని తామే మోస్తున్నారు.

లోపల కడిగి, చేతికి అందినంత ఎండుగడ్డి పెట్టి, కుట్లు వేసేసరికి పొద్దు వాలింది. బాటిళ్లు మార్చినా రహమత్ బీ మాత్రం చెయ్యి మార్చలేదు.

బర్రె మర్నాడు లేచి నిలబడింది. నేను వెళ్లేసరికి నెమరు వేయలేదు కానీ దుడ్డెను నాకుతోంది. ఇంకో రెండు రోజులకు సోమక్క ఫోన్ చేసి "నెమరేస్తున్నది డాక్టరమ్మా, సూడు, ఇను" అని ఫోన్ బర్రె మూతి దగ్గర పెట్టింది. నాకేం వినపడలేదు. అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాత సోమక్క ఒక కట్టడి పెట్టింది. కడుగు నీళ్లు, తొక్కలు ఎప్పటిలాగే గోలెంలో పోయొచ్చు. వండిన అన్నం మాత్రం ఆమెకు చూపించి, ఆమె సరే అంటేనే పోయాలి. ఇందులో నేను చెప్పింది ఏమీ లేదు, ఆమె సొంత ఆలోచన. కొన్ని వారాలకు కిరాణా లక్ష్మి నాతో అంది: "రోజు గిన్నె పట్టుకపోయి సూపియ్యాలంటే సిగ్గయితున్నదమ్మా. గందుకే బియ్యం సోలెడు తక్కువ పోస్తున్న. ఎవలం పస్తులేం ఉంటలేం." ఇన్నేళ్లూ ఆ సోలెడు ఎక్కడికి పోయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. గోలెం ఉంది కాబట్టి చూడాల్సిన పని పడలేదు.

నేనూ అప్పట్నుంచి పశువుకు ఏం పెట్టారని ఊరికే అడగడం మానేశాను. "పోసిన గిన్నె చూపియ్యున్రి" అంటాను. మనుషులు పిడికెడు అంటారు, గిన్నె అలా అనదు. ఇంట్లో కూడా రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెతో సహా పొద్దున అందరి ముందూ పెడుతున్నాను. మా ఆయన ముఖం చిట్లిస్తాడు, కానీ కుక్కర్లో బియ్యం పోసేటప్పుడు ఇప్పుడు ఆయనే చెయ్యి ఆపుతాడు.

ఒక సంగతి మాత్రం నన్ను చాలాకాలం బాధపెట్టింది. రహమత్ బీ ఆ తర్వాత ఎవరింటికీ గిన్నె పంపలేదు. "ఎదురైతే నవ్వుతది, మాట్లాడుతది," అంది సోమక్క. "పండుగ వచ్చింది పోయింది. గిన్నె మాత్రం రాలే." అంటూ ముఖం పక్కకు తిప్పుకుంది. బర్రెను బతికించాను కానీ ఆ రోజు అందరి ముందూ గిన్నెలు వరస పెట్టించింది నేనే కదా. వేరే దారి లేదని తెలిసినా మనసులో ముల్లులా ఉండేది.

మరుసటి ఎండాకాలం గాలికుంటు టీకాలు వేయడానికి ఆ వీధికి వెళ్లాను. రహమత్ బీ మనుమడికి ఏడాది నిండిన రోజట. వాకిట్లో దేగ్చా పొయ్యి మీద ఉంది. వీధంతా బగార వాసన. సోమక్క బర్రెకు నేను సూది వేసి వెనక్కి తిరిగేసరికి పక్కనే ఉన్న సోమక్క కనిపించలేదు. చూస్తే రోడ్డు దాటుతోంది, చేతిలో ఒక చిన్న గిన్నె.

"రహమతక్కా, మా ఇంట్ల ఇద్దరం," అంది గడప ముందు నిలబడి. "మాకు గిన్నెడు పెట్టు. తింటం."

రహమత్ బీ ఆ గిన్నెను చూసింది. సోమక్కను చూసింది. "గింత సిన్నది తెచ్చినవేందే?"

"గిదైతే మెతుకు మిగలదక్కా."

రహమత్ బీ గిన్నె అందుకుని నింపింది, పైన నాలుగు వేయించిన ఉల్లిగడ్డ ముక్కలు చల్లింది. వెనక లక్ష్మి తలుపు తెరుచుకుంది. ఇంకో తలుపు, ఇంకోటి. ఎవరి చేతిలో గిన్నె వాళ్ల ఇంటి ఆకలంత ఉంది.

"డాక్టరమ్మా," అని అక్కణ్నుంచే పిలిచింది రహమత్ బీ, కళ్లు తుడుచుకుంటూ. "నీ గిన్నె ఏది?"

టీకాల డబ్బా యాదగిరికి ఇచ్చి, బోరింగు దగ్గర నా టిఫిన్ డబ్బా కడుక్కుని, వరసలో చివర నిలబడ్డాను.