ఘటం కింద తివాచీ

పండగ ఊరేగింపులో తాయారు నెత్తిమీది అమ్మవారి ఘటం పడి పగిలిన మర్నాడు, అసిరితల్లి గుడి అరుగు మీద కమిటీ పెద్దలు కూర్చున్నారు. తేల్చాల్సింది ఒక్కటే: ఇకమీదట ఘటం తాయారు మొయ్యాలా, వద్దా.

ఘటం మోసే వంతు ఆమెకు అత్త నుంచి వచ్చింది. తాయారు ఏడాది పొడుగునా చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఇసకలోనూ, బురదలోనూ, కదిలే బస్సు మెట్ల మీదా నడిచే మనిషి. ఆమె నోటికి భయపడేవాళ్ళు కూడా పండగనాడు ఆమెకు దండం పెడతారు. ఘటంతో వీధిలోకి వస్తే గడపగడపకీ ఆడవాళ్ళు పసుపునీళ్ళు తెచ్చి ఆమె పాదాల మీద పోస్తారు. ఆ ఊరి ఆనవాయితీ అది.

రెండువేల పదహారులో వీధికి సిమెంటు రోడ్డు పడింది. వైశాఖపు ఎండకి పెనంలా కాలిపోతోంది. ఈ ఏడు తాయారు కాళ్ళు బొబ్బలెక్కకుండా తివాచీ పరుద్దామని కమిటీ అనుకుంది. అనుకోవడం మంచిదే. కొనడానికి మాత్రం మగవాళ్ళే వ్యాను కట్టుకుని విజయనగరం వెళ్ళారు. కొట్టువాడు కొబ్బరిపీచు పట్టా చూపిస్తే ప్రెసిడెంటు గంగులు పెదవి విరిచాడు. పండక్కి నాయకుడొస్తున్నాడు, ఫొటోలు తీస్తారు, పీచు పట్టా ఏం బాగుంటుంది? ఎర్రటిది, మడమ దిగబడేంత మెత్తటిది తెచ్చాడు. ఏటేటా తమ పెళ్ళాలే పోసే పసుపునీళ్ళు ఒక్కడికీ గుర్తు రాలేదు.

సగం వీధి దాటేసరికి తివాచీ నీళ్ళు తాగి ఉబ్బి ముడత పడింది. ఆ ముడతలో తాయారు కాలు చిక్కుకుంది.

“మైలతో ముట్టుకుంటే అమ్మోరు ఊరుకుంటాదేటి? ఇకమీద మా తమ్ముడి పెల్లాం మోస్తాది,” అన్నాడు గంగులు, అరుగు కింద నిలబడ్డ తాయారు వైపు చూడకుండా. కొత్త ఘటం అప్పటికే తెప్పించి పక్కన పెట్టుకున్నాడు.

“నా మొకం సూసి సెప్పు బావా. నా మైల నీకెలగ తెలిసినాది? నా ఇంట్లోకొచ్చి సూసినావేటి?”

చుట్టూ చేరిన ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

“ఒసే, పెద్దోల్ల ముందర అదేటి మాట?” అన్నాడు ముసలి దాలయ్య. “తప్పయిందని ఒక దండం పెట్టేయ్, అయిపోద్ది.”

“నా తప్పుకి పెడతాను మావా. ఆ తివాసీ సూసి ఎంత బాగున్నాదోనని నానూ మురిసిపోయినాను. తడిస్తే ఏటవుతాదో నానూ అనుకోనేదు. ఆ మట్టుకి నాది. మిగతాది ఎవుడిదో ఆడు పెట్టాల. నా కాల్ల కోసం కొన్నారు గదా, నన్నొక్క మాటడిగినారా?”

“నడక సేతకాక తివాసీని అంటాదేటి!” అన్నాడు గంగులు.

తాయారు గోడమీద ఆరేసిన తివాచీని లాగి అరుగు ముందు పరిచింది. తోడికోడలు జగ్గమ్మ రెండు బిందెల నీళ్ళు గుమ్మరించింది.

“దా బావా. నీకు మైల నేదు గదా. ఘటమెత్తుకుని నడు.”

గంగులు కిందికి దిగి ఒక కాలు మోపాడు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రరంగు నీళ్ళు బుసబుసా పొంగాయి. ఇంకో కాలు పెట్టలేదు. “పండగైపోనాది, ఇప్పుడీ ఆటలేటి?” అని వెనక్కి తిరిగాడు.

“పండగ అవనేదు బావా. సగం ఈది మిగిలిపోనాది.”

కొత్త ఘటం ఆమే ఎత్తుకుంది. దాలయ్య చెయ్యి అడ్డంపెట్టబోయి, మళ్ళీ దించుకున్నాడు.

“వచ్చే ఏడు ఏటి పరస్తారో ముందు నాకు సూపించండి. నేదా, ఏటీ పరకండి. కాలితే నా కాల్లే గదా!”

నడినెత్తిన ఎండ. ఉత్త సిమెంటు మీద, నిన్న పడ్డ చోటి నుంచి నడక మొదలుపెట్టింది. మొదటి గడప గంగులుదే. అతని పెళ్ళాం చెంబుతో బయటికొచ్చి, వెనకే వచ్చిన మొగుడు చూస్తుండగానే తాయారు పాదాల మీద నీళ్ళు పోసింది.