పట్టు కౌంటరు, అత్త కాళ్ళు

చలికాలం వస్తోందంటే నాకు ముందే నీరసం వస్తుంది. జమ్మలమడుగులో మా ఇంట్లో ఉండేది ముగ్గురు ఆడవాళ్ళం, మూడు రకాల చర్మాలు. మూడింటికీ చాకిరీ చేసేవి మాత్రం నా చేతులే. మా ఆయన లారీ మీద పోతే ఎప్పుడో గాని ఇంటికి రాడు, ఆయన చర్మం సంగతి ఆ దేవుడికే తెలియాలి.

మా అత్తది పొడి చర్మం. పులివెందుల పక్కన తొండూరు మనిషి, మోకాళ్ళు అరిగేదాకా ఎండలో చేను పని చేసింది. ఇప్పుడు వంగలేదు. డిసెంబరు వచ్చిందంటే ఆమె పిక్క మీద గోరు ఆనిస్తే చాలు, సున్నం గీత పడుతుంది. రోజూ పొద్దున్నే గోరువెచ్చని శెనగ నూనె రాసి, కాసేపు ఉంచి, స్నానం చేయించాలి. లేదంటే ఆమె గోక్కుంటూనే ఉంటుంది. నా కూతురు పదో తరగతి. దానిది జిడ్డు మొహం, నిండా మొటిమలు. నూనె గిన్నె చూస్తేనే ఆమడ దూరం పోతుంది. శెనగపిండితో మొహం కడుక్కుంటూ, ఫోనులో విన్న పాఠాలన్నీ నాకు అప్పజెబుతుంది. "నీది రెండూ కలిసిన స్కిన్ మా, నుదురేమో జిడ్డు, బుగ్గలేమో పొడి" అనింది ఒకసారి. మరి నా చేతులో అని అడిగితే, చేతుల గురించి వీడియోలో చెప్పలేదంది.

చెప్పరు. ఆ సంగతి నేనే చెప్పుకోవాలి. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో పట్టుచీరల కౌంటరులో పనిచేస్తాను నేను. రోజంతా నిలబడి కాళ్ళు పీకినా సరే, పెళ్ళిచీర మడత విప్పి పెళ్ళికూతురి భుజం మీద వేసే ఆ క్షణం నాకు ఇష్టం. నా బతుకులో నేను ఇష్టపడి చేసే పని అదొక్కటే. పట్టు ముట్టుకునే చేతికి నూనె ఉండకూడదు, మరక పడితే చీర పోయినట్టే. గరుకూ ఉండకూడదు, పోగు తగులుకుంటుంది. అందుకే అత్తకు నూనె రాశాక, ఆ జిడ్డు వదిలేదాకా బట్టల సబ్బుతో చేతులు తోమి తోమి బస్సెక్కేదాన్ని. కిటికీ గాలికి వేళ్ళు బిగుసుకుపోయేవి. సంక్రాంతి రాకముందే బొటనవేళ్ళు పగిలేవి.

పోయిన చలికాలం పులివెందుల నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. మెరూన్ చీర అంచు సర్దుతుంటే నా వేలి పగులుకు జరీ పోగు తగులుకుని సర్రున లేచింది. పెళ్ళికూతురి తల్లి మొహం మాడ్చుకుని, "పెండ్లి చీర ఇట్లయితే యట్లమ్మా?" అని దాన్ని పక్కకు నెట్టేసింది. ఓనరు అరవలేదు. అరిచినా బాగుండేది. "చేతులు బాగయ్యేదాకా టవళ్ళ కాడ ఉండమ్మా. కాకపోతే పట్టు కాడికి ఇంగొకరిని పెట్టుకోవాల్సిందే" అన్నాడు మెల్లగా.

ఆ సాయంత్రం నూనె గిన్నె నా కూతురికి అప్పగించాను. అది మూతి ముడుచుకుంటూనే రాసేది. మా అత్త లోపలి నుంచే నాకు వినపడేటట్టు అనేది. "పిల్ల చేయి జారిపోతాంది మ్మే. దురద ఆడిది ఆడనే ఉంటాంది." విననట్టు నా పని నేను చేసుకునేదాన్ని. ఆమెకు కాళ్ళే లోకం, నా వేళ్ళ సంగతి ఎవరు చూడాలి అని ఒళ్ళు మండేది. పడుకునే ముందు చేతులకు నెయ్యి పట్టించి, ఆయన పాత సాక్సులు తొడుక్కునేదాన్ని. "చేతులకు మేజోళ్ళేంది మ్మే!" అని అత్త పకపకా నవ్వింది.

పగుళ్ళు పూడాయి. ఓనరు పట్టుగుడ్డ ముక్క ఒకటి తెచ్చి నా అరచేతి మీద లాగి చూశాడు. ఎక్కడా తగులుకోలేదు. "శానా బాగుండాయి. రేపట్నుంచి పట్టు కాడికి రామ్మా" అన్నాడు. బస్సులో ఆ చేతులను ఒళ్ళో పెట్టుకుని, వేరే ఎవరివో అన్నట్టు చూసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ సంతోషంలో, నూనె వేడి చేసి నేనే అత్త దగ్గర కూర్చున్నాను. చీర పైకి జరిపాను. పిక్కల నిండా గోక్కున్న గీతలు, ఎండిన నెత్తురు చారలు. అరచేయి ఆనించి మెల్లగా రుద్దాను. ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచింది.

"ఏమ్మే, నీ చేయి యాడికి పోయింది?"

"ఇదే కదత్తా."

"ఇది కాదు. నీ గరుకు చేయి. అది అట్ల పైనుంచి కిందికి పోతాంటే దురదంతా యాడికో పోయేది, కండ్లు మూతలు పడేవి."

గోళ్ళతో మెల్లగా గీకబోయాను. మండుతోందంది. టవలు తెచ్చి రుద్దబోతే కాలు వెనక్కి లాక్కుంది. "టవలు కాదు మ్మే, నీ చేయే శానా బాగుండేది" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో పగిలిన నా చేతులను బాగుండాయన్న మనిషి ఆమె ఒక్కతే. అది కూడా అవి పోయాక అనింది.