చాటకు గురిపెట్టిన బాపు

ఇయ్యాల ఈ అరబ్బు దేశంల, ముహరఖ్‌ పట్నంల డ్యూటీ దిగి వస్తుంటే, రంజాన్ ఉపవాసం విడిచే ఫిరంగి పేల్చిన్రు. ఆ మందు వాసనకు బాపు యాదికొచ్చిండు.

మక్కచేన్లు కావలి కాసిన దోస్తులారా, మీకు యాదున్నదా? పందులు దిగకముందే బాపు తుపాకిల మందు జరంత జరంత మార్చుకుంట, పాత చాటను కాల్చి చిల్లులు చూసేటోడు. మందు మీద కూరే కొబ్బరిపీచు నలిపిచ్చుకుంటనే అవ్వ తిట్టేది: "నా చాట పాడుజేస్తివి!"

"మందు ఎక్వైతె నా భుజం పోతది, తక్వైతె పంది నవ్వుతది" అనేటోడు.

ఎలచ్చన్లకు ఠాణల అప్పజెప్పిన లైసెన్సు తుపాకి మళ్లా ఇంటికి రాలే. ఆ యేడు చేనంత పందులే తిన్నయి. ఎనక నన్ను ఈ దేశం తోలిన్రు.

ఈడ ఫిరంగి మోగంగనే అందరు తినుడు షురూ జేసిన్రు. బాపు తుపాకి మోగకనే నేను బువ్వకు ఈడిదాంక వచ్చిన.