భుజం మీద మిగిలిన చెయ్యి

కిందటేడు వాషింగ్టన్ నుంచి న్యూజెర్సీలో మా ఊరు ఐసెలిన్‌కి రైల్లో వస్తున్నాం. మా అమ్మాయి హిస్టరీ టెస్ట్‌కి చదువుకుంటోంది.

“అమ్మా, అమెరికా, సోవియట్ కలిసే హిట్లర్‌ని ఓడించారు కదా. వార్ అయ్యాక ఎనిమీస్ ఎలా అయ్యారు?”

“వాళ్లది కమ్యూనిజం, మనది క్యాపిటలిజం. అది రాస్తే చాలు,” అన్నాను ఫోన్ చూసుకుంటూ.

ఎదుటి సీట్లోని ముసలి అమెరికన్ ఆవిడకు ఆ ఇంగ్లీషు ముక్కలు అర్థమైనట్టున్నాయి. పర్సులోంచి పాత ఫొటో తీసి మా అమ్మాయికిచ్చింది.

“మా నాన్న. యుద్ధం చివర్లో, జర్మనీలో, రష్యన్ సైనికుడితో దిగాడు,” అంది ఇంగ్లీషులో.

ఫొటోలో ఒక్కడే ఉన్నాడు. ఒక అంచు వంకరగా కత్తిరించి ఉంది. అతని భుజం మీద మాత్రం ఇంకెవరిదో చెయ్యి.

“బాంబు పడితే బల్లల కింద ఎలా దాక్కోవాలో మాకు స్కూల్లో నేర్పారు. వేసేది రష్యన్లే అన్నారు. ఇంటికొచ్చి కత్తెర తీసుకున్నాను. నాన్న తిట్టలేదు. మిగిలిన ముక్కనే మళ్లీ ఫ్రేములో పెట్టుకున్నాడు.”

మా అమ్మాయి ఆ చేతి మీద వేలు పెట్టి, “ఈయన పేరేంటి?” అని అడిగింది.

ఆవిడ ముఖం ఎర్రబడింది. “నాన్న బతికున్నన్నాళ్లూ అడగడానికి నాకు మొహం చెల్లలేదు.”

మా అమ్మాయి ఫొటోను రెండు చేతులా తిరిగిచ్చింది. ‘అది రాస్తే చాలు’ అన్న నాకు తలెత్తబుద్ధి కాలేదు.